తోక ఊడని పిల్లలు

శిక్షణ తరగతిలో కునుకు తీసే మాస్టారూ, సిగ్గుపడి వినండి.

చెరువు బడిలో పాఠాలు చెప్పే కప్పలకు తాబేలు శిక్షణ ఇచ్చింది. "కాళ్లు మొలిచి, తోక ఇంకా ఊడని పిల్లల్ని తోటివాళ్ల ముందు ఎగతాళి చేయకండి. నోరు మూసుకుంటారు. ఎన్నో చెరువులు తిరిగి, చూసి తేల్చిన సంగతి ఇది."

ఒక కప్పమాస్టరు మాత్రం నిద్రపోయాడు. మర్నాడు ఓ కుర్రకప్ప సందేహం అడిగితే, "ముందు తోక ఊడనీరా, పండితుడా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆపైన ఎవరూ ఏమీ అడగలేదు. క్రమశిక్షణ కుదిరిందని మాస్టరు మురిశాడు.

ఒకరోజు పాఠం మధ్యలో పిల్లలు అతని వెనక ఏదో చూసి బిగుసుకుపోయారు. ఆ కుర్రకప్ప నోరు తెరిచి, పక్కవాళ్ల వంక చూసి, మూసేసింది.

ఆ నిశ్శబ్దంలోనే నీటిపాము వెనక నుంచి వచ్చి మాస్టరును మింగేసింది.