తేళ్ల ఉమ్మడి కాపురం

"ఈ మూతలు తీసిందెవరు?"

ఆ అరుపుకి పొయ్యి మీద పొంగబోతున్న పాలు కూడా భయపడి కిందికి దిగాయి.

చిన్నోడు భోజనానికని తాళాల కొట్టు మూసి అప్పుడే ఇంటికొచ్చాడు. కిటికీ గట్టు మీద వరసగా పేర్చుకున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కో డబ్బాలో ఒక్కో తేలుపిల్ల ఉండాలి. ఒక్కోటీ గోరంత. తల్లి వీపు దిగి పట్టుమని నెలైనా కాలేదు. డజను పిల్లల్నీ వాడు కళ్లలో వత్తులేసుకుని పెంచుతున్నాడు. సొంత పెళ్లి మీద కూడా వాడు అంత శ్రద్ధ పెట్టలేదని బంధువుల ఏకగ్రీవ అభిప్రాయం.

"నేనే తీశాను" అంది తల్లి, గరిటె ఊపుతూ. "ఒక్క కడుపున పుట్టినవాటికి తలా ఒక జైలు కట్టావు. పాపం తగలదుట్రా? అన్నింటినీ పాత చేపల తొట్లో పోసేశాను."

"పొయ్యడానికి అవేమన్నా బియ్యమా?"

వాడు తొట్టి దగ్గరికి పరిగెత్తాడు. తేలుపిల్లలు తోకలెత్తుకుని, ఆస్తి పంపకాలకి కూర్చున్న దాయాదుల్లా ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

"అమ్మా! కలిపితే తినేస్తాయే! ఒకదాన్నొకటి నమిలేస్తాయి!"

"ఆ మాటే కదరా రోజూ నా చెవిలో పోరుతున్నావు! 'తేళ్లని చూసి నేర్చుకోమ్మా, కలిసుంటే కొరుక్కుతింటాయి, మేమూ వేరు పడతాం' అని! చూద్దాం మరి. సాయంత్రం దాకా ఆ తొట్టి అలాగే ఉంటుంది. ఒక్క పిల్ల తగ్గినా నువ్వూ నీ పెళ్లామూ సామాను సర్దుకోండి, ఆటో నేనే పిలుస్తా. అన్నీ ఉంటే మాత్రం వేరు కాపురం అన్న ముక్క మళ్లీ నీ నోట్లోంచి ఊడిపడకూడదు!"

తొట్లోకి పోబోతున్న వాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఒకపక్క పిల్లలు. ఇంకోపక్క వీధి చివర చూసిపెట్టుకున్న రెండు గదుల ఇల్లు. అద్దెకి తీసుకునేదీ లేనిదీ సాయంత్రంలోగా చెప్పమన్నాడు ఇంటాయన. అందులో పెద్ద గది మొత్తం తేళ్లకేనని వాడు ఎప్పుడో తీర్మానించాడు. రెండో గదిలో, చోటు మిగిలితే, భార్యాభర్తలు.

"ఒప్పుకోండి" అంది వాడి భార్య, మెల్లిగా మోచేత్తో పొడిచి. ఆవిడ బ్యూటీ పార్లర్లో కనుబొమలు తీరుస్తుంది. ఆ రోజు సెలవు. "సాయంత్రానికి ఒక్కటైనా పోకపోతుందా?"

చిన్నోడు కళ్లు మూసుకున్నాడు. ఒక తండ్రి పడకూడని బాధ పడ్డాడు. తర్వాత కళ్లు తెరిచి, "సరే, పందెం!" అన్నాడు.

"తొట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు" అన్నాడు అన్నయ్య, పేపర్ చాటు నుంచి.

"పెట్టమని కాళ్లు పట్టుకున్నా పెట్టం" అంది వదిన.

వాడు అన్నం ముట్టకుండానే కొట్టుకి వెళ్లిపోయాడు. తల్లి మీద కోపం, తేళ్ల మీద జాలి, వాటిని పణంగా పెట్టినందుకు తన మీద అసహ్యం, మూడూ కలిసి ఆకురాయి మీదికి దిగాయి. ఒకాయన బీరువా తాళంచెవి అడిగితే, దాన్ని అరగదీసి అరగదీసి చెవిపుల్ల చేసి చేతికిచ్చాడు.

పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చేసరికి తల్లి తొట్టి పక్కనే కుర్చీ వేసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"రారా! లెక్కపెట్టుకో!"

చిన్నోడు వంగి చూశాడు. ఒక మూల నుంచి లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక ఇంకో మూల నుంచి లెక్కపెట్టాడు. డజనూ ఉన్నాయి. ఒక్కదాని కాలు కూడా ఊడలేదు. పైగా పొట్టలు ఉబ్బి, పెళ్లి భోజనం చేసిన చుట్టాల్లా ఒకదాని పక్కన ఒకటి ఒత్తిగిలి పడుకున్నాయి.

"చూశావుగా! తేలుకున్న బుద్ధి నీకు లేదు!" తల్లి విజృంభించింది. "ఫోన్ చెయ్యి ఇంటాయనకి! నా ముందే చెయ్యి! వద్దని గట్టిగా చెప్పు, నాకు వినపడాలి!"

చేశాడు. చెప్పాడు. ఆవిడకి వినపడలేదని రెండోసారి కూడా చెప్పాడు.

తర్వాత తన గదిలోకి పోయి, తలుపు ధడాలున మూసి, మంచాన్ని ఒక్క తన్ను తన్నాడు. మంచానికి ఏమీ కాలేదు. ఒంటికాలి మీద గెంతుతూ భార్య మీద విరుచుకుపడ్డాడు.

"ఎలా కుదురుతుందే ఇది? మూడ్రోజులకోసారే మేత వాటికి, ఇవాళ ఇంకా పెట్టనేలేదు! ఆకలి మీదుంటే అవి తోబుట్టువుని కూడా లెక్కచెయ్యవు! ఎవరో కడుపునిండా..."

వాడు గభాలున వంగాడు. తేళ్లకని బల్లకింద దాచిన చిట్టి కీచురాళ్ల సీసా ఖాళీగా ఉంది. అద్దం ముందు భార్య, కనుబొమలు పీకే ప్లకర్‌ని దూదితో తుడుస్తోంది. దాని కొసకి కీచురాయి కాలొకటి అంటుకుని ఉంది.

"నువ్వా!"

"నేనే. అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు ఒక్కోదాని నోటికీ అందించేసరికి నా నడుం విరిగింది."

"ఒప్పుకోమన్నది నువ్వే కదే!"

"ఒప్పుకుని ఓడిపోతేనే కదా మీ నోరు మూతపడేది!"

"అంటే... మనకంటూ ఒక ఇల్లు నీకు అక్కర్లేదా?"

ఆవిడ ప్లకర్‌ని బల్ల మీద విసిరికొట్టింది. ఆ ఇంట్లో అత్తగారి గొంతుని మించిన గొంతు వినపడటం అదే మొదటిసారి.

"ఆ ఇంట్లో మీకు తేళ్లుంటాయి, నాకెవరుంటారు? ఇక్కడైతే మిమ్మల్ని తిట్టిపొయ్యడానికి అత్తయ్యయినా ఉంది!"