వైద్యుడి గుహ ముందు దీపం

అడవి పంచాయతీ బాగా ఆలోచించి ఒక తీర్మానం చేసింది. నీటిగుంట దగ్గర, దారి మలుపుల్లో, తాబేలు వైద్యుడి గుహ ముందు, అంతటా ఇక ఒకే రకం దీపాలు. దీపానికి పన్నెండు మిణుగురులు. అవి ఊరికే వెలిగి అలసిపోకూడదు. ఎవరైనా కదిలితేనే వెలగాలి.

గుల్ల పగిలిన నత్త ఒకటి మునిమాపు వేళ వైద్యుడి గుహకు వెళ్లింది. దీపం వెలగలేదు. చీకట్లో రాయి మీంచి జారి, గుల్ల ఇంకాస్త పగలగొట్టుకుంది.

"నేను కనబడలేదా అమ్మా?" అని మిణుగురుల్ని అడిగింది.

"కనబడ్డావు పిన్నీ. కదిలినట్టే అనిపించలేదు," అన్నాయవి.

నత్తకేమీ అర్థంకాక పంచాయతీకి మొరపెట్టుకుంది. తనిఖీకి ముంగిస పరుగున వచ్చింది. వెంటనే దీపం వెలిగింది.

"బ్రహ్మాండంగా పనిచేస్తోందిగా!" అంది ముంగిస.

"తమరికి వెలిగింది బాబూ. నాకే వెలగడం లేదు."

"అందరికీ ఒకటే దీపం. నీకు వేరుగా ఎందుకుంటుంది?"

అదీ నిజమే అనిపించింది నత్తకు. మరి తను జారిపడిందెందుకో మాత్రం తేలలేదు.

నెల తిరిగింది. ఆ గుహకు కుంటుతూ, ఈడ్చుకుంటూ వచ్చినవాళ్లెవరికీ దీపం వెలగలేదు. ముంగిస ఆ దీపాన్ని తీయించేసి, పంచాయతీలో గర్వంగా చెప్పింది: "నెలంతా అక్కడ దీపంతో పనే పడలేదు. మన అడవిలో రోగులే లేరు!"

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక కూర్చున్న నత్త అయోమయంగా తన గుల్లకేసి చూసుకుంది.

"అయితే నాకు నయమైపోయినట్టేనా?" అని పక్కనున్న కుందేల్ని అడిగింది.

"నాకూ అయిపోయినట్టే ఉందక్కా," అంది కుందేలు, విరిగిన కాలు సర్దుకుంటూ.