ముప్ఫై రెండో చెల్లెలు

నాలుగో రోజు కూడా భార్య కంచం ముందు కూర్చుని, నాలుగు మెతుకులు కెలికి లేచి వెళ్లింది. ఫోర్‌మన్ కూడా తన కంచం పక్కకి జరిపేశాడు.

ఆమె కాలేజీలో మొక్కల శాస్త్రం చెబుతుంది. అతనేమో కొండని పిండి చేసే క్వారీలో ఫోర్‌మన్. పదేళ్ల కాపురంలో ఈ రెండు ఉద్యోగాలూ ఎదురుపడింది ఇప్పుడే. ఆ కొండ మీద ఎవరో ఫొటో తీసిన తెల్లపువ్వు మామూలుదో, ఇంకెక్కడా లేనిదో తేల్చే పని ప్రభుత్వం ఆమెకే అప్పగించింది. మామూలుదైతే క్వారీ కొండ కొసదాకా పోతుంది. కాదంటే మూత. రెండొందల కుటుంబాలు రోడ్డున పడతాయి, వీళ్లతో సహా.

మొక్కకి చేయించిన పరీక్ష ఫలితం వచ్చిన రోజు మాత్రం ఆమె చిన్నపిల్లలా గంతులేసింది. అట్టకు అంటించిన ఎండు మొక్కను భర్త ముందు పెట్టింది.

“ఈ జాతిలో ముప్ఫై ఒక్కమంది అక్కచెల్లెళ్లున్నారండీ. అందరి పుట్టిల్లూ సముద్రానికి అవతలే. విత్తనాలు పక్షుల కాళ్లకి అంటుకుని తలో దేశం చేరాయి. ఇది మాత్రం ఎనిమిది లక్షల ఏళ్ల కిందటే మన కొండ మీద దిగి, వేరు కాపురం పెట్టేసింది. ముప్ఫై రెండో చెల్లెలు!”

“ఎనిమిది లక్షల ఏళ్లా! మరి పుట్టింటి మీద బెంగ లేదా మహాతల్లికి?” అన్నాడు. “అయినా ఒక్క ఆకు తుంచితే సరిపోదూ?”

“వేరు నుంచి పువ్వు దాకా చూపిస్తేనే మావాళ్లు నమ్ముతారు.”

అతను నవ్వాడే గానీ, క్వారీ మూత ఖాయమని తెలిసిపోయింది.

మర్నాటి నుంచి ఆమె తీరే మారిపోయింది. తెల్లారగానే కొండెక్కేది. చేతుల నిండా ముళ్ల గీతలతో పొద్దుగూకాక దిగేది. “ఏమైంది?” అంటే వినబడనట్టు లోపలికి పోయేది. రిపోర్టు మీద ఇంకా ఒక్క అక్షరం పడలేదు. గడువు రేపే.

తన ఉద్యోగం కోసమే పెళ్లాం ఇలా నలిగిపోతోందని అతనికి అర్థమైంది. “మీ ఆవిడకి నచ్చచెప్పుకోవయ్యా” అని మేనేజరు రోజూ చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఇంట్లో ఆ మాటెత్తడానికి మాత్రం అతనికి నోరు రాలేదు. ఆ సాయంత్రం క్వారీ ఆఫీసులో రాజీనామా కాగితం పడేసి, నేరుగా ఇంటికొచ్చాడు. ఆమె చేతిలో పెన్ను పెట్టాడు.

“ఉన్నది ఉన్నట్టు రాసెయ్. నాకు లారీ తోలడం వచ్చు, ఎక్కడో చోట బతుకుతాం.”

“ఉద్యోగం మానేశారా?” ఆమె పెన్ను వదిలేసింది. “ఎవరి కోసమండీ?”

“ఇంకెవరి కోసం, నీ చెల్లెలి కోసమే! అన్ని లక్షల ఏళ్లు బతికినదాన్ని మన పొట్టకూటి కోసం చంపుకుంటామా?”

ఆమె భోరుమని ఏడుస్తూ అంది.

“కొండంతా గాలించానండీ, ఇంకొకటి లేదు... ఉన్న ఆ ఒక్కదాన్నీ మామూలు మొక్కే అనుకుని, నేనే వేళ్లతో సహా పీకి అట్టకి అంటించేశాను.”