చెవుల ఎత్తు

"పడుకున్నప్పుడు చెవులు ఎంత ఎత్తుల ఉంటయన్నా?"

రవళి టేపు పట్టుకుని అడిగింది. కుర్చీ అంచున ముడుచుకుని కూచున్న నర్సింహ అరచెయ్యి నేలకు రెండడుగుల పైన ఆపి చూపించాడు.

"గింత. లేసి నిలవడితే నాలుగున్నర. అంతే."

పొట్టి పిల్లన్నమాట, అనుకుంది రవళి. స్పీకర్ మూతి వినేవాళ్ళ చెవులకు సరిగ్గా ఎదురుండాలి. అందుకే ఎవరొచ్చినా ముందు ఆ ప్రశ్నే అడుగుతుంది.

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో, ఆ రేకుల షెడ్డులో ఆమె చేసే స్పీకర్లు తెల్లాపూర్ విల్లాల్లోకి లక్షల ధర మీద వెళతాయి. జిన్నారం మందుల కంపెనీలో హెల్పర్‌గా చేసే మనిషి వాటికోసం రావడమే వింత. పైగా పదిహేను వేలు దాటొద్దట. ఆ డబ్బుకు మంచి పట్టుచీరే రాదు, పట్టులాంటి గొంతు కావాలట! పాటలు గీటలు ఏమీ వద్దట. ఒక్క గొంతు చాలట. పోయిన నెల చనిపోయిన అతని భార్య సత్తెమ్మ గొంతు.

"ఫోన్‌ల వినిపించి చూసినవా?"

"చూసిన మేడం. మొఖం అటు తిప్పుకున్నది. నీల చెవులు మనకంటే షార్పు. అసలేందో నకలేందో ఇట్టే పసిగడ్తది."

"నీల మీ బిడ్డనా?"

"బిడ్డ లెక్కనే. పుట్టంగనే కన్నతల్లి పోతే మా సత్తెమ్మ సీసాతోటి పాలు తాపి సాదింది. ఆమె కొంగు ఇడిసింది లేదు. మొన్న కాన్పయింది, తొలిచూలు. సత్తెమ్మ ఉంటే పక్కనే కూసునేది. ఇప్పుడేమో చిన్నదాన్ని దగ్గరికి రానిస్తలేదు. నిన్న కాలుతోటి తన్నింది."

రవళి టేపు పక్కన పెట్టింది. "అయ్యో! డాక్టర్‌కు చూపియ్యలేదా?"

"సూది ఏసిండు. తొలి కాన్పుల ఒక్కోపాలి గిట్లనే అయితది, అలవాటైన మనిషి దగ్గరుంటే సదురుకుంటది అన్నడు. ఆ మనిషిని యాడికెల్లి తేవాలె మేడం?" "చిన్నది సీసా గూడ సక్కగ తాగుతలేదు. అది పోతే ఇది గూడ దక్కది. సత్తెమ్మ సాదింది నా ఇంట్ల ఇగ ఇదొక్కటే."

"నేనొచ్చి గది చూస్త, నడువు."

"వద్దు మేడం! కొత్త మనుషులను చూస్తే బెదురుతది." తలొంచుకున్నాడు. "ఒక దుకాణంల అంత ఇడమర్చి చెప్పిన. పడీ పడీ నవ్విండ్రు. అడిగెటోనికి చెప్పెటోడు లోకువ గదా. అందుకే కొలతలే తెచ్చిన."

పోయిన మనిషి గొంతు కావాలంటే నవ్వే వెధవలు కూడా ఉంటారా అని రవళికి ఒళ్ళు మండింది. ఇంకేమీ గుచ్చి గుచ్చి అడగలేదు.

గది పది బై పన్నెండు. పైన రేకులు, కింద బండలు. ఇంటికి విడిగా, పెరట్లో ఉంటుందట. బాలింతను విడిగా ఉంచే ఇళ్ళు ఆమెకు తెలుసు. పొద్దుగూకంగానే పొగ వేస్తామంటే సాంబ్రాణి అనుకుని, స్పీకర్ మూతికి పలచని గుడ్డ కట్టింది. అంత చిన్న రేకుల గదిలో పెద్ద స్పీకర్ పెడితే కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది, ధరా ఒప్పుకోదు. ఖర్చంతా గొంతును పలికించే ఒక్క మంచి కోను మీదే పెట్టి, షెడ్డులో మిగిలిన ప్లైవుడ్డుతో సన్నటి పెట్టె చేసింది. గొంతు రేకులకు తగిలి మోగకుండా మూతిని కిందికి వంచింది.

నర్సింహ తన ఫోన్‌లోంచి ఇచ్చింది ఒక్క ముక్కే. సత్తెమ్మ ఎవరికో పంపిన వాయిస్ మెసేజ్‌లో, మాటల మధ్య నీలను పిలిచిన పిలుపు. "దా బిడ్డా, దా. నేనున్న గదా."

రెండు రోజులు రవళి వేరే పని ముట్టలేదు. అదే పిలుపు, వందసార్లు. మొదట గరగరలు పోయాయి, తర్వాత ఊపిరి వినపడింది, ఆ తర్వాత షెడ్డులో మనిషే ఉన్నట్టయింది. రెండోరోజు సాయంత్రం అమీన్‌పూర్‌లో తన వంటింట్లో గిన్నెలు తోముతూ "ఆఁ, వస్తున్న" అని పలికి, ఉలిక్కిపడింది. ఇంట్లో ఎవరూ లేరు. భయమేసింది, నిజంగానే భయమేసింది.

మర్నాడు పొద్దున నర్సింహ పెట్టె తీసుకుపోయాడు. పొద్దు వాలుతుండగా ఫోన్.

"లేసింది మేడం! గొంతు వినంగనే లేసి అటూ ఇటూ చూసింది. మనిషి కనవడలే. మళ్ల కూలవడ్డది." అతను ఏడుస్తున్నాడు. "చిన్నది కండ్లు తెరుస్తలేదు."

రవళి ఇంక ఆగలేదు. బెదిరితే బెదిరిందని బండి తీసింది.

నర్సింహ ఊరు వెలిమెలలో, విల్లాల ప్రహరీకి ఆనుకుని ఉంది ఆ ఇల్లు. ముందుగదిలో దండేసిన ఫోటో. సత్తెమ్మ. ఆకుపచ్చ గళ్ళ చీర, తలమీద కొంగు.

"నర్సింహన్నా!"

ఎవరూ పలకలేదు. వెనక్కి నడిచింది. పెరడంతా పొగ. ఆ పొగలో ఆకుపచ్చ గళ్ళ చీర ఒకటి, తలమీద కొంగుతో, వంగి గదిలోకి వెళుతోంది.

రవళి గోడకు అంటుకుపోయింది.

"దా బిడ్డా, దా. నేనున్న గదా."

గొంతు తన పెట్టెలోదే. ఆ స్క్రూలు బిగించింది తనే. మరి ఆ మనిషి? గొంతును తను తెచ్చింది, మనిషిని ఎవరు తెచ్చారు దేవుడా? పారిపోదామనిపించింది. కళ్ళు తెరవని పసిది గుర్తొచ్చి, గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది.

చీర మనిషి తల తిప్పింది.

కొంగు కింద నెరిసిన మీసాలు. నర్సింహ! చెంపలనిండా నీళ్ళు. చప్పుడు చెయ్యొద్దని నోటిమీద వేలు పెట్టుకుని, లోపలికి చూపించాడు.

పొగలోంచి బర్రె లేచి, ఆ కొంగు వాసన చూసి, దూడను నాకింది.