రెండో ఫోన్

దర్జీ అక్కకి పోయిన కూతురి గొంతు ఒక్క పాటలోనే మిగిలింది. పాట ఉన్న సైటును ఈ రాత్రి పన్నెండింటికి పూర్తిగా మూసేస్తారు. డౌన్‌లోడ్ చూస్తే నత్తనడక. ఆమె నెట్ ఆఫీసుకి ఫోన్ చేసింది.

"లైన్ బాగానే ఉందక్కా. మీ ఇంట్లో రెండో ఫోనే మొత్తం లాగేస్తోంది. ఎవరో గానీ గట్టివాళ్ళే!" నవ్వాడు ఆపరేటర్.

"ఉండేది నేనొక్కదాన్నే తమ్ముడూ."

"మరి 'బుజ్జి' అని చూపిస్తోందే? సిగ్నల్ మీకంటే దానికే బాగుంది. రూటర్ పక్కనే ఉన్నట్టుంది."

రూటర్ పక్కన ఉత్త గోడ. బుజ్జి ఫోన్‌ని పోయిన నెల తన చేతులతోనే గోతిలో కూతురి పక్కన పెట్టి మట్టి కప్పింది.

"పీకేయమంటారా? మీ పాట నిమిషంలో దిగిపోతుంది."

పన్నెండుకి ఇంకా మూడు నిమిషాలే ఉన్నాయి. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"పీకెయ్."

గదిలో ఏదో సన్నటి చప్పుడు ఆగిపోయింది. అంతవరకూ అలాంటి చప్పుడు ఒకటుందనే ఆమెకి తెలియదు. పాట గబగబా దిగింది. వెంటనే ప్లే నొక్కింది.

హార్మోనియం వినిపించింది. పిల్లల చప్పట్లూ వినిపించాయి. బుజ్జి పాడాల్సిన చోట మాత్రం ఎవరూ పాడలేదు.