చిక్కుడుకాయలో పురుగు

ప్రతి వంటింటి గోడ అరలోకీ కంపెనీ వాళ్లు పంపే గడ్డకట్టిన కూరలే వచ్చే రోజులవి. భర్త తద్దినానికి మాత్రం భ్రమరాంబ పట్టుబట్టి తాజా చిక్కుడుకాయలు తెప్పించింది. ఐసులో పడున్న కూర ఆయనకు పెట్టనంటే పెట్టనంది.

అర తెరిస్తే కాయలు నవనవలాడుతున్నాయి. అదే ఆమెకు నచ్చలేదు.

"ఐసు కరిగించి పంపలేదని ఏమిటే నమ్మకం?" అంటూ పీట వేసుకుని, నార తీసి, ఒక్కో కాయా విప్పి చూడసాగింది. మొదటి కాయలోనే పచ్చటి పురుగు కదిలింది. ఐసులో పెడితే పురుగు బతకదుగా, ఆమె ముఖం విప్పారింది.

"పురుగును చూసి ఇంత సంబరపడేది మీరొక్కరే అత్తయ్యా," అని నవ్వింది కోడలు మేదిని. "ఇక పొయ్యి వెలిగించనా?"

"ఉండవే."

రెండో కాయలోనూ పురుగే. మూడో దాంట్లోనూ అంతే. అన్నీ ఒకే పొడవు. అన్నీ తొడిమ పక్క గింజ మీదే, ఒకే వైపు తల పెట్టుకుని ఉన్నాయి.

మేదిని నవ్వు ఆగిపోయింది. "అంటే పురుగుల్ని కూడా వాళ్లే..."

"మనం విప్పి చూస్తామని వాళ్లకు తెలుసు." భ్రమరాంబ పళ్లెం పక్కకు నెట్టింది. "ఈ ఏడు మీ మామయ్యకు పెరుగన్నమే పెడదాం. పెరుగు నువ్వు తోడుపెట్టిందేగా?"

"నేనే పెట్టానత్తయ్యా."

ఆ అరలోంచే వచ్చిన పాల సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.