రుసాంకవ్వ రెండు పళ్లు

“ఇంకొంచెం నోరు తెరువవ్వా,” అంది డాక్టర్ దెసిస్లావ.

ఎక్స్‌రే తెర మీదికి రాగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. రుసాంకవ్వ కింది దవడలో మిగిలినవి రెండే కోరపళ్లు. వాటి చుట్టూ ఎముక ఐదేళ్ల కిందట తను కట్టుడు పళ్లు చేసిచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఇలాంటి పళ్ల కోసమే ఆమె పెద్ద డాక్టరు గెర్గినోవ్‌తో కొట్లాడుతోంది. ఉన్నవి పీకేసి, దవడలో మరలు బిగించి, వాటి మీద కట్టుడు పళ్ల సెట్టు కూర్చోబెట్టాలంటాడాయన. సొంత పళ్లు రెండున్నా సెట్టును మోస్తాయని ఈమె పట్టు. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ల లెక్కలో మూడే కాళ్లు. తీరా చూస్తే సెట్టుతో నమిలే కొద్దీ మరల చుట్టూ, పళ్ల చుట్టూ కూడా అందరికీ ఎముక అరుగుతూనే ఉంది. ఒక్క మంచి ఫలితమైనా చూపించు, లేకపోతే ఇకమీదట అందరికీ పీకుడే అనేశాడాయన.

ఎన్ని కబుర్లు పంపినా కొండమీది ఊరు వదిలి దిగిరాని అవ్వను అందుకే పొద్దున్నే కొండెక్కి మరీ కారులో తీసుకొచ్చింది. హడావుడిలో సెట్టు ఇంట్లోనే ఉండిపోయిందంది అవ్వ.

“ఎలా కాపాడుకున్నావవ్వా?”

“నువ్విచ్చిన సెట్టునా? కంటికి రెప్పలా చూసుకుంటున్నా. మా కాలిన్ ముందు బోసినోటితో నిలబడనని ఆనాడే చెప్పాగా.”

ఈ వయసులోనూ మొగుడంటే ఎంత మురిపెమో అని దెసిస్లావ నవ్వుకుంది. ఐదేళ్లు నమిలిన ఆ సెట్టును కూడా ముందు పెడితే గెర్గినోవ్ ఇక నోరెత్తడు. అవ్వను ఎక్కించుకుని మళ్లీ కొండెక్కింది.

ఇంట్లో అవ్వ ఆమె ముందు అక్రోట్లు పోసి, తనకు రొట్టె పెరుగులో నానబెట్టుకుంది. తాత ఏడని అడిగితే, చర్చి వెనకాలే పడుకున్నాడు, ఎక్కడికి పోతాడు అంది.

తర్వాత మంచం కింది పెట్టె లాగింది. మడత నలగని నల్లగౌను, కొత్త మేజోళ్లు, నేల తాకని చెప్పులు. వాటి మీద తెల్లగుడ్డలో సెట్టు. ఒక్క గీత లేదు, ఒక్క మరక లేదు.

దెసిస్లావ దాన్ని వెలుగులోకి తిప్పి చూసింది. “దీన్ని ఎప్పుడు పెట్టుకుంటావవ్వా?”

“నన్ను పూడ్చే రోజున.”